మామగారి కంటికురుపు

ఉదయం ఏడింటికి ఆ ఇంట్లో నలుగురికీ అద్దం కావాలి. ఉన్నదేమో ఒకటే అద్దం, దాని ముందు మామగారు నిలబడ్డారు. కుడికన్ను పైరెప్పని వేలితో ఎత్తి, కిందకి లాగి, పక్కకి తిప్పి చూసుకుంటున్నారు. వెనకాల నోట్లో బ్రష్షుతో కొడుకు, తడిజుట్టుతో కోడలు, కాఫీ గ్లాసు పట్టుకుని అత్తగారు వరసగా నిలబడి ఉన్నారు.

"నాన్నా, నాకు బస్సు టైమైంది" అన్నాడు కొడుకు నురగలోంచి.

"అర నిమిషం" అన్నారు మామగారు.

ఆయన అర నిమిషం ఎంతసేపో వీధివీధంతటికీ తెలుసు. వాచీ ఎప్పుడిస్తారంటే అర నిమిషం, భోజనానికి రమ్మంటే అర నిమిషం, ఇంటికి చుట్టాలొచ్చి కూర్చున్నా అర నిమిషమే. అందుకని ఆయన్ని వెనకాల అందరూ 'అరనిమిషం గారు' అంటారు. ఊరందరి వాచీలూ సరిచేసే మనిషికి సొంత టైము తెలియదని అత్తగారు పెళ్ళైన మర్నాటినుంచీ సణుగుతూనే ఉంది. ఆయన వింటే కదా.

"మళ్ళీ లేచిందా?" అంది అత్తగారు.

"లేచింది. సరిగ్గా వెంట్రుక మొదట్లో. ముట్టుకుంటే సలుపు. ఆర్నెల్లలో ఇది నాలుగోది." మామగారు అద్దంలోంచే కోడలివైపు చూశారు. "కళ్ళకి రంగులు పూసుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే లేవక ఏం చేస్తుంది?"

కోడలు జుట్టు తుడుచుకోవడం ఆపింది. "నేను రంగు మానేసి నెల దాటింది మామయ్యా. నాకు కురుపు లేచిన రోజే ఆ డబ్బా తీసుకెళ్ళి చెత్తబుట్టలో పారేశాను. అత్తయ్య చూశారు."

"చూశానండీ" అంది అత్తగారు.

"పారేసినంత మాత్రాన ఒంట్లోంచి పోతుందా?" అని, ఆయన అద్దం వదిలి కాఫీ అందుకున్నారు. తాను పట్టిన కుందేలుకి మూడేకాళ్ళు. నాలుగో కాలు కళ్ళముందు పెట్టి చూపించినా, అది తోక అనగల మనిషి ఆయన.

ఆ ఇంటి ముందుగదే వాచీల కొట్టు. కిటికీ కింద పొడుగాటి బల్ల, బల్లమీద వంచుకునే దీపం, గాజుమూతల కింద విప్పిన వాచీలు. బల్లముందు చేతుల కుర్చీ మామగారిది, పక్కనున్న స్టూలు కోడలిది. అక్కడ ఒక పద్ధతి ఉంది. వాచీ ఎవరు బాగుచేసినా, వెనకమూత బిగించేముందు రెండోవాళ్ళు చూడాలి. చక్రాలు, స్క్రూలు, వెంట్రుకంత సన్నటి స్ప్రింగు, అన్నీ చూసి 'బాగుంది' అనాలి. అప్పుడే మూత. దీన్ని మామగారు 'రెండో కన్ను' అంటారు. ఆయనకి పని నేర్పిన వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి అది.

ఆ పద్ధతికి ఇంకో నియమం అంటిపెట్టుకుని ఉంది. మొదటి కన్నూ రెండో కన్నూ ఒకే భూతద్దంలోంచి చూడాలి. అద్దం మారితే చూపు మారుతుందని, చూపు మారితే తప్పు దాక్కుంటుందని మామగారి వాదన. అందుకని కంటిగుంటలో బిగించుకునే ఆ నల్లటి భూతద్దం రోజుకి ఇరవైసార్లు ఆయన కంటినుంచి కోడలి కంటికీ, కోడలి కంటినుంచి ఆయన కంటికీ మారుతుంది. దాన్ని కడగడానికి వీల్లేదు, లోపల తడి చేరుతుందట. నోటితో 'హా' అని ఊది, బల్లకి వేలాడే తువ్వాలుతో తుడవడమే. ఆ తువ్వాలుతోనే చేతి నూనె, ఆ తువ్వాలుతోనే మొహం చెమట. వారానికోసారి అత్తగారు దాన్ని ఉతుకుతానని లాక్కుంటే, మామగారు అర నిమిషం అంటారు.

మూడేళ్ళ కిందట కోడలు ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకి వాచీ గురించి తెలిసింది చేతికి పెట్టుకోవడం ఒక్కటే. అంతకుముందు బట్టలషాపు కౌంటర్లో రోజంతా నిలబడి, రాత్రికి కాళ్ళు పట్టుకుని కూర్చునేది. ఒకరోజు మామగారి చేతిలోంచి జారిన ఆవగింజంత స్క్రూని గచ్చుమీద పడుకుని వెతికి తీసింది. ఆయన దాన్ని పట్టకారుతో పట్టుకుని, "ఇది ఎక్కడిదో చెప్పు చూద్దాం" అన్నారు. చెప్పింది. ఆ మర్నాడే స్టూలు వచ్చింది. ఆగిపోయిన వాచీ తన చేతిలో మళ్ళీ కొట్టుకోవడం మొదలెట్టిన రోజు ఆమె వంటింట్లోకి పరుగెత్తి అత్తగారి చెవి దగ్గర పెట్టి వినిపించింది. అప్పటినుంచి ఆమెకి ఆ స్టూలు తప్ప ఇంకో లోకం అక్కర్లేదు. మామగారు కూడా వచ్చినవాళ్ళందరికీ, "ఈ అమ్మాయే నా రెండో కన్ను" అని చెప్పుకునేవారు.

అలాంటిది, ఆ ఉదయం కాఫీలయ్యాక కోడలు కొట్టులోకి వెళ్ళేసరికి స్టూలుమీద పాత గడియారాల డబ్బా పెట్టి ఉంది.

"డబ్బా ఎక్కడ పెట్టమంటారు మామయ్యా?"

"అక్కడే ఉండనీ. నువ్వు కొన్నాళ్ళు బల్ల దగ్గరికి రావద్దు."

"ఎన్నాళ్ళు?"

"నా కన్ను తగ్గేదాకా. ఆ తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత చూద్దాం'తో కోడలికి ఒళ్ళు మండింది. "ఒక్క మాట వినండి మామయ్యా. మీకు లేచింది కుడికంటికి. నాకు లేచిందీ కుడికంటికే. అత్తయ్యకి రాలేదు, ఆయనకి రాలేదు. ఈ బల్ల దగ్గర కూర్చునే మనిద్దరికే ఎందుకొచ్చింది? భూతద్దం ఒకటి, తువ్వాలు ఒకటి. పైగా మీరు పొద్దస్తమానం ఆ కన్ను రుద్దుతూనే ఉంటారు, నూనె చేతుల్తో. నేను రెండో భూతద్దం కొని తెస్తే కాగితం కూడా విప్పకుండా సొరుగులో పడేశారు."

"నలభై ఏళ్ళుగా ఇదే అద్దం, ఇదే తువ్వాలు. నువ్వొచ్చేదాకా నాకు ఒక్క కురుపు లేదు."

"నేనొచ్చి మూడేళ్ళైంది. కురుపులు మొదలై ఆర్నెల్లే అయింది."

మామగారు దీపం వంచుకున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం వాడు చేతివైపైనా చూస్తాడు. ఈయన అటుకూడా చూడలేదు. కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కొడుకు ఆఫీసునుంచి వచ్చేసరికి వంటింట్లో కత్తిపీట చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. నలుగురి కూరకి కోడలు పదిమందికి సరిపడా బీన్సు తరిగింది.

"నాన్నతో మాట్లాడనా?" అన్నాడు భయంభయంగా.

"మాట్లాడి ఏమంటారు?"

"ఏమో. ఆయన ఏమంటారో దాన్నిబట్టి."

అడకత్తెరలో పోకచెక్క అంటారు గాని, పోకచెక్క కనీసం గట్టిగా ఉంటుంది. కోడలికి అతన్ని చూస్తే కోపం బదులు నీరసం వచ్చింది. కత్తిపీట పక్కకి జరిపి, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మామయ్యకి కన్ను సరిగ్గా ఆనడం లేదండీ. ఆర్నెల్లుగా చూస్తున్నాను. ఆయన బాగుచేసి రెండో కన్నుకి నాకిస్తారా, అందులో తప్పులుంటున్నాయి. చిన్నవి కావు. ఆయన కాఫీకి లేచినప్పుడు నేను సరిచేసి, 'బాగుంది మామయ్యా' అని మూత బిగించేస్తున్నాను."

"ఆయనకి చెప్పలేదా?"

"ఎలా చెప్పను? నాకు స్క్రూకీ మేకుకీ తేడా తెలియనప్పుడు చేయిపట్టి నేర్పిన మనిషి. మీ పని తప్పని మొహంమీద ఎలా అనను?" ఆమె తరిగిన బీన్సు గిన్నెలోకి తోసింది. "ఇప్పుడు నన్ను స్టూలుమీంచి లేపేశారు. ఇక తప్పులన్నీ తిన్నగా జనం చేతికి వెళ్తాయి."

కొడుకు ఒక బీన్సుగింజ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు ఏదో ఒకటి నమలడం అతని అలవాటు.

మూడురోజులు కోడలు వంటింటికీ పెరటికీ మధ్య తిరిగింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కొట్టులోంచి చిన్న సుత్తి చప్పుడు వినిపిస్తే చేతులు ఆగిపోయేవి. అత్తగారు అది చూస్తూ ఊరుకోలేక, మొగుడి మీద విసుగంతా పెరట్లో బట్టలమీద చూపించేది. ఆ మూడురోజుల్లో బట్టలు ఉతికించుకున్నంతగా ఎప్పుడూ ఉతికించుకోలేదు.

నాలుగోరోజు పదింటికి ఆస్పత్రి నర్సు వచ్చింది. రోగుల నాడి చూడ్డానికి ఛాతీమీద తగిలించుకునే వాచీ ఆమెది, ముందురోజే బాగుచేయించుకుని తీసుకెళ్ళింది.

"ఇది గంటకి నాలుగు నిమిషాలు వెనక్కి పోతోందండీ" అంది బల్లమీద పెడుతూ. "నాకు నిమిషం తేడా వచ్చినా కష్టం. మీ కోడలుగారు చూశారా దీన్ని?"

"అర నిమిషం" అన్నారు మామగారు, వాచీ లాక్కుని. అప్పుడు నర్సు ఆయన మొహం చూసింది.

"కంటికురుపా? నొక్కడం గాని చెయ్యలేదు కదా?"

"ఇంకా లేదు. తెల్లగా మొన తేలింది, ఇవాళో రేపో తీసేస్తాను."

"దాని జోలికి పోకండి బాబాయ్‌గారూ. అది వెంట్రుక మొదట్లో చీము పట్టడం, అంతే. దానంతటదే వారంలో చితికిపోతుంది. శుభ్రమైన గుడ్డ గోరువెచ్చటి నీళ్ళల్లో ముంచి పిండి, కన్ను మూసుకుని పది నిమిషాలు పెట్టుకోండి. రోజుకి నాలుగుసార్లు. నొక్కితే లోపల్లోపలికి పాకుతుంది. చేతులు కడుక్కోకుండా కన్ను ముట్టుకోవద్దు. మీ తువ్వాలు ఇంకెవరూ వాడొద్దు, ఇంకొకరిది మీరు వాడొద్దు." ఆమె బల్లకి వేలాడుతున్న తువ్వాలు చూసి ఒకడుగు వెనక్కి వేసింది. "రెప్పంతా వాచిపోయినా, చూపు మసకేసినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగకండి. వెంటనే ఆస్పత్రికి రండి."

తలుపు చాటునుంచి కోడలు అంతా విన్నది. నర్సు వెళ్ళగానే గోరువెచ్చటి నీళ్ళూ, ఉతికిన గుడ్డా తెచ్చి బల్లమీద పెట్టింది. మామగారు వాటిని మోచేత్తో పక్కకి నెట్టారు.

"పది నిమిషాలు నాలుగుసార్లంటే నలభై నిమిషాలు. ఎవరికుంది టైము?"

నీళ్ళు చల్లారిపోయాయి. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం, అందరి భోజనాలూ అయ్యాక, మామగారు తన సామానుల్లోకెల్లా సన్నటి మొన ఉన్న పట్టకారు తీశారు. దాన్ని వాచీ చక్రాలు కడిగే పెట్రోలులో ముంచి, తువ్వాలుకి తుడిచి, భూతద్దం ఎడమకంటికి పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, కురుపుమీది వెంట్రుక పట్టుకుని పీకేశారు. తర్వాత రెండువేళ్ళతో నొక్కారు. నలభై ఏళ్ళు వాచీలు విప్పిన చెయ్యి, చక్రంలో ఇరుక్కున్న ధూళికీ కంటిరెప్పలో పట్టిన చీముకీ ఒకటే వైద్యం అనుకుంది. అత్తగారు పెరటిగుమ్మంలోంచి చూసి, "ఏం చేస్తున్నారండీ?" అనేలోపే అయిపోయింది.

"అయిపోయింది. ఇంతోటి దానికి ఆస్పత్రా?" అన్నారాయన గర్వంగా.

మర్నాడు పొద్దున ఆయన అద్దం ముందుకి రాలేదు. మంచంమీదే కూర్చుని ఉన్నారు. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది, వాపు కనుబొమనుంచి చెంపదాకా ఎర్రగా దిగింది, ఒళ్ళు కాలిపోతోంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. కొడుకు ఆఫీసుకి సెలవుపెట్టి ఆటో తెచ్చాడు.

కంటిడాక్టరు చాలా చిన్నవయసావిడ. చేతులు కడుక్కుని, రెప్పని మెల్లగా విప్పి చూసింది.

"దీన్ని ఎవరు కెలికారు?"

"ఎవరూ కెలకలేదు" అన్నారు మామగారు. "ఇంట్లో మా కోడలు కళ్ళకి ఏవో రంగులు పూస్తుంది. అందులోంచి అంటుకుంది."

కోడలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జవాబు చెప్పింది అత్తగారే.

"కెలికింది ఈయనే డాక్టరమ్మా. పెట్రోల్లో ముంచిన పట్టకారుతో వెంట్రుక పీకి, వేళ్ళతో నొక్కారు. నా రెండు కళ్ళతో చూశాను." ఆమె మొగుడివైపు తిరిగింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో బయటివాళ్ళ ముందు ఆయనకి ఎదురుచెప్పడం అదే మొదలు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రతిదానికీ ఆ పిల్లేనా దొరికింది మీకు? నెలరోజులుగా అది కళ్ళకి నీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు. మీరు స్టూలు లాగేశాక ఆ నీళ్ళు కూడా బయటినుంచి కాదు, లోపల్నుంచే వచ్చాయి."

డాక్టరు మందులు రాయడం ఆపి, కోడల్ని దగ్గరికి పిలిచి ఆమె రెప్పలు చూసింది, బల్ల సంగతీ భూతద్దం సంగతీ అడిగి తెలుసుకుంది.

"కళ్ళకలకలాగా ఇది ఇట్టే అంటుకునే జబ్బు కాదు" అంది మామగారితో. "కాని ఆ సూక్ష్మక్రిమి చేతులమీద, తువ్వాళ్ళమీద, కంటికి ఆనించే వస్తువులమీద కూర్చుని తిరుగుతుంది. పాత కంటిరంగులో కూడా ఉంటుంది, అది ఈవిడ పారేసి మంచిపని చేసింది. కాని ఇద్దరికీ ఒకే భూతద్దమైతే దాన్ని మీరే ఒకరికొకరు అందించుకుంటున్నారు. ఎవరిది వాళ్ళకి ఉండాలి, రోజూ సబ్బునీళ్ళతో కడగాలి. రాత్రి పడుకునేముందు రెప్పల అంచులు గోరువెచ్చటి నీళ్ళతో శుభ్రం చేసుకుంటే మళ్ళీమళ్ళీ లేవడం తగ్గుతుంది. అన్నిటికంటే ముందు, కళ్ళు రుద్దడం మానండి. ఎందుకు రుద్దుతారు మీరు?"

మామగారు కంటిదాకా వెళ్ళిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు.

డాక్టరు ఇంజెక్షను, మాత్రలు ఇచ్చి, మూడోరోజు మళ్ళీ రమ్మంది. మూడోరోజుకి జ్వరం పోయి కన్ను సగం తెరుచుకుంది. అప్పుడు గోడకి ఉన్న అక్షరాల పట్టిక చదవమంది. ఎడమకన్నుతో కిందివరసదాకా చదివారు. కుడికన్నుతో పైన ఉన్న రెండువరసలు దాటలేదు. వాపువల్ల అన్నారాయన. డాక్టరు దీపం పెట్టి చూసి, వాపు కాదు, శుక్లం ముదురుతోంది, ఆర్నెల్లనుంచైనా మసక ఉండి ఉండాలి అంది. కురుపు పూర్తిగా మానాక చిన్న ఆపరేషన్, మర్నాటికి ఇంటికి వెళ్ళొచ్చు అంది.

"నా కంటికి కత్తి తగలనివ్వను" అని మామగారు లేచి వచ్చేశారు. దారంతా కొడుకు చెబుతూనే ఉన్నాడు, అత్తగారు తిడుతూనే ఉంది. ఆయన ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

వేడికాపు పెట్టే పని మాత్రం మొదటిరోజునుంచీ కోడలిమీదే పడింది. అత్తగారు పెడితే పది నిమిషాలూ తిట్లు వినాల్సి వస్తోందని మామగారే కోడల్ని పిలవమన్నారు. ఆమె సబ్బుతో చేతులు కడుక్కుని, నీళ్ళ వేడి మణికట్టుమీద చూసుకుని, ఉతికిన గుడ్డ పిండి, మూసిన కన్నుమీద మెత్తగా అదిమి పట్టుకునేది. చల్లబడితే మళ్ళీ ముంచేది. రోజుకి నాలుగుసార్లు, పదేసి నిమిషాలు. ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకునేవారు కాదు. స్టూలుమీద డబ్బా అలాగే ఉంది, కొట్టు మూసే ఉంది. ఆమె లోపల కోపం తగ్గలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి.

రెండోసారి ఆస్పత్రినుంచి వచ్చిన మర్నాడు, పొద్దుటి కాపులో, మామగారు కళ్ళుమూసుకునే అడిగారు.

"ఆర్నెల్లుగా నువ్వు నా పని సరిచేస్తున్నావటగా. వాడు రాత్రి చెప్పాడు."

ఇన్నాళ్ళకి మొగుడు నోరు విప్పాడన్నమాట. కోడలు గుడ్డ మళ్ళీ ముంచింది. "అవును మామయ్యా."

"నాకు తెలుసు మసకేస్తోందని. రుద్దుకుంటే కాసేపు తేటపడినట్టుండేది. అందుకే రుద్దుకున్నాను. కురుపు లేస్తే, మసక దానివల్లే అని నాకు నేనే చెప్పుకున్నాను." ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే కరుకు లేదు. "పక్కన నువ్వుంటే తెలిసిపోతుందని భయమేసింది. నెపం నీమీద పెట్టి స్టూలుమీంచి లేపేశాను. అద్దం మారితే చూపు మారుతుందని అందరికీ చెప్పినవాణ్ణి. మారింది నా చూపే. తప్పు నాది అమ్మాయ్."

మూడేళ్ళలో ఆయన నోట 'తప్పు నాది' అనే మాట ఆమె వినలేదు. కోపంతో బిగిసిన గుండె ఒక్కసారిగా కరిగిపోయింది.

"నాదీ ఉంది మామయ్యా. నన్ను రెండో కన్నుగా కూర్చోబెట్టింది చూసింది చెప్పడానికే. చూసి కూడా 'బాగుంది' అన్నాను. మొదటిరోజే చెప్పి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు."

"అయితే ఇప్పుడు చెప్పు. ఏమేం సరిచేశావో అన్నీ."

"ఇప్పుడెందుకు?"

"కళ్ళు ఎలాగూ మూసుకునే ఉన్నాను. చెవులు బాగానే ఉన్నాయి."

ఆమె చెప్పడం మొదలెట్టింది. లెక్కల మాస్టారి వాచీలో చక్రం కింద దారప్పోగు ఉండిపోయింది. పోస్టావిడ వాచీలో స్ప్రింగుకి నూనె అంటి చుట్లు అతుక్కున్నాయి. పాలబూతు ఆయన గోడగడియారంలో పళ్ళ చక్రం తిరగేసి బిగించారు. ఒక్కొక్కటి చెబుతుంటే ఆయన పెదాలు బిగుసుకున్నాయి. మధ్యలో ఒక్కసారి, "తిరగేసా?" అని మాత్రం అన్నారు.

"ఇంకా?"

"అంతే మామయ్యా."

"కాదు. నీ చెయ్యి ఆగింది."

కోడలు గుడ్డ తీసి గిన్నెలో వేసింది.

"ఇంకోటి ఉంది. అది మీరు చేసింది కాదు, నేను చేసింది. టైలరుగారి వాచీ. అందులో ఒక స్క్రూ పెట్టడం మర్చిపోయి, రెండో కన్నుకి మీ చేతికిచ్చాను. మీరు భూతద్దం పెట్టుకుని, దీపం దగ్గరికి లాక్కుని, ఎంతోసేపు చూశారు. చూసి, 'బాగుంది, మూత వెయ్యి' అన్నారు. వేసేటప్పుడు నాకు ఆ స్క్రూ బల్లమీద కనిపించింది కాబట్టి సరిపోయింది." ఆమెకి కన్నీళ్ళు ఆగలేదు. తడిచేతులతో తుడుచుకోబోయి, గుర్తొచ్చి భుజానికి రాసుకుంది. "ఆరోజు చాలా భయమేసింది మామయ్యా. మీ తప్పులు చూడ్డానికి నేనున్నాను. నా తప్పులు చూసేవాళ్ళు లేరు."

మామగారి మూసిన రెండు రెప్పలకిందనుంచీ నీళ్ళు చెంపలమీదికి జారాయి. ఆయన తుడుచుకోలేదు, చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నారు.

"ఏమేవ్" అని పిలిచారు లోపలికి. "వాడు బస్సెక్కేశాడా?"

"ఇప్పుడే గుమ్మం దాటాడు. ఏం?" అంది అత్తగారు వంటింట్లోంచి.

"ఆఫీసుకి వెళ్ళేదారిలో ఆ డాక్టరమ్మ దగ్గర ఆగమను. ఆపరేషన్‌కి ఎంత దగ్గర్లో తేదీ ఉంటే అంత దగ్గర్లో రాయించుకు రమ్మను."

అత్తగారు మారుమాట లేకుండా కొడుకు వెనకాల వీధిలోకి పరుగెత్తింది.

"ఇవాళ కొట్టు తెరువు" అన్నారు మామగారు కోడలితో. "నువ్వు నా కుర్చీలో కూర్చో. పొద్దుటి వెలుతురు అక్కడే పడుతుంది. నాకు చూపు వచ్చేదాకా తేలిక పనులే తీసుకో. వచ్చాక స్టూలుమీద కూర్చుని నీ పనంతా మళ్ళీ విప్పించి చూస్తాను. తప్పు కనిపిస్తే ఊరుకోను."

"ఊరుకోకండి మామయ్యా" అంది కోడలు.